నేల మీద పోసిన నీళ్లు

గుమ్మంలో సోమలింగం, అతని వెనక వెంకటవ్వ, నా చేతిలో హారతి నోటుబుక్కు. పోయిన వారం అక్కడ ఆగాం. పాపం, వారం రోజులుగా వాళ్లిద్దరూ ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. లోపలికి పిలుద్దాం. అంతకుముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి.

నేను సుభాషిణిని. సూరత్‌లోని ఉధ్నాలో ఒక తెలుగు మీడియం బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసుననే జబ్బు ఒకటుంది. ఈ జూన్‌లో బడి తెరవగానే వాతావరణ మార్పు పాఠం ఎత్తుకున్నాను. పుస్తకంలో మంచుగడ్డ మీద ఎలుగుబంటి బొమ్మ. మూడో బెంచీలో మల్లేష్ అనే మహానుభావుడు లేచి, "బెన్, ఎలుగుబంటి సంగతి సరే, మా బాపు సంగతేంది? సాంచల కాడ పొద్దుందాక చెమటలు కారవట్టె" అన్నాడు. సూరత్‌లో టీచరమ్మ ఎవరైనా బెన్నే. సాంచలంటే మరమగ్గాలు, మా పిల్లల్లో ముప్పాతిక మంది తండ్రులకు అన్నం పెట్టేవి అవే.

పుస్తకం మూసేశాను. అట్టముక్కలకు రెండేసి థర్మామీటర్లు కట్టించాను. ఒకటి మామూలుది, గాలి ఎంత వేడిగా ఉందో చెబుతుంది. రెండోదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, ఒంటి మీది చెమట ఆరుతుందా లేదా చెబుతుంది. గాలి పొడిగా ఉంటే ఆ గుడ్డ ఆరుతూ చల్లబడుతుంది, అంకె కిందనే ఉంటుంది. తడిగుడ్డ అంకె పైకి పాకిందంటే చెమట ఆరే దారి మూసుకుపోతోందన్నమాట. ముప్పై ఒకటి దాటితే కష్టం చేసే మనిషికి గండమని పిల్లలకు చెప్పాను. అదే తరగతి పిల్ల హారతి తన అట్టను వాళ్ల నాన్న సోమలింగం పనిచేసే కార్ఖానాలో కట్టించింది. గంట గంటకూ అంకెలు రాసింది మాత్రం సోమలింగమే.

శుక్రవారం మధ్యాహ్నం ఆ కార్ఖానాలో బుచ్చిరాములు అనే పెద్దాయన సాంచ పక్కనే కుప్పకూలాడు. సోమలింగమే కాపాడాడు. కార్ఖానా అప్పటినుంచి బంద్, రేపు పొద్దున తెరుస్తారు. ఇవాళ సోమవారం. బడి గంట కొట్టకముందే హారతి వచ్చి నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. "ఈ పేజీ చింపెయ్యి బెన్. మా బాపుకు చెప్పకు" అని ఏడ్చింది. ఆ పేజీ చదివి, చింపకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక తరగతిలో దాన్ని మళ్లీ తెరిచి చూస్తుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

ఇక రండి లోపలికి.

సోమలింగం చేతిలో మడత విప్పని శాలువా ఉంది. వెంకటవ్వ చేతిలో మూత పెట్టిన స్టీలు డబ్బా. ముప్పై ఒక్కమంది పిల్లలు లేచి నిలబడి "నమస్తే" అని గదిని దద్దరిల్లజేశారు. నేను నోటుబుక్కును టేబుల్ మీద బోర్లా పెట్టాను. దొంగపని చేసినట్టుగా దాని మీద చాక్‌పీసు డబ్బా కూడా పెట్టాను.

"జర తరగతి ఆపిస్తున్న బెన్, ఏమనుకోకుండ్రి" అంటూనే సోమలింగం శాలువా విప్పి నా భుజాల మీద కప్పేశాడు. మెరిసే పాలిస్టర్ శాలువా. బయట వాన జాడ లేదు. గాలి ఉడకబెట్టిన గుడ్డలా ఒంటికి అతుక్కుంటోంది. పైన ఫ్యాను తిరుగుతోందో, తిరుగుతున్నట్టు నటిస్తోందో ఆ దేవుడికే తెలియాలి. అయినా ఆ మనిషి ముఖంలోని సంతోషం చూసి తీసేయడానికి చేతులు రాలేదు.

అతను పిల్లల వైపు తిరిగాడు. యాభై ఏళ్ల మనిషి, సన్నగా, చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు. తరగతి ముందు నిలబడి మాట్లాడటం జన్మలో ఇదే మొదటిసారి అనుకుంటాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పోరగాండ్లూ, జర ఇనుండ్రి. ఎండదెబ్బ తగిలి మనిషి పడిపోతే నీడల గాలికి గుంజుకపోవాలె, పెయ్యి మీద నీళ్లు పొయ్యాలె, ఇసరాలె, సోయి లేనోని నోట్ల మాత్రం చుక్క పొయ్యద్దు. మీ బెన్ ఇది మీకు చెప్పింది. మా బిడ్డ బువ్వ తినుకుంట నాకు అప్పజెప్పింది. నేను ఊ కొట్టిన గని మనసు పెట్టినట్టే అనుకోలే. శుక్రారం నాడు బుచ్చిరాములు బావ పడ్డడు. ఒగడు ఉల్లిగడ్డ వాసన చూపెట్టుమన్నడు, ఒగడు చాయ్ తాగించుమన్నడు. నా చెవుల్ల మా పోరి మాటలే మోగినయి. ఎవ్వని మాట ఇనలే. రెక్కవట్టి బయటికి గుంజిన, బకెట్ నీళ్లు మీద గుమ్మరించిన, ఇంకో బకెట్ గుమ్మరించిన. దవాఖానల డాక్టర్ సాబ్ ఏమన్నడో ఎర్కేనా? గిట్ల చెయ్యకపోతే మనిషి దక్కకపోవు అన్నడు. ఎవరు నేర్పిండ్రు నీకు అని అడిగిండు. మా బిడ్డ బడిల నేర్పిండ్రు అన్న."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మల్లేష్ అయితే బెంచీ మీద దరువే వేశాడు. వెంకటవ్వ ముందుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. బుచ్చిరాములు భార్య ఈమె. సోమలింగానికి వరసకు అక్క. మూడు రోజులుగా దవాఖానాలోనే ఉందేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా పుస్తె నిలవెట్టినవ్ తల్లీ. పొద్దుగాల కండ్లు దెరిచి జావ తాగిండు. ఉప్పు తక్వైందని నన్ను తిట్టిండు గూడ. ఆ తిట్టు నాకు దేవుని మాటలెక్క ఇనవడ్డది" అంది. నవ్వబోయింది, అంతలోనే ఏడ్చింది. "వజ్రమ్మ సర్వపిండి చేసి పంపింది. జర తిను తల్లీ, నా ముంగట ఒక్క ముక్క తిను."

వజ్రమ్మ సోమలింగం ఇల్లాలు. పల్లీలు, నువ్వులు దట్టంగా వేసి గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి. ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాను. నేనూ సిరిసిల్ల పక్క నుంచి వచ్చిన నేతగాళ్ల ఇంటి పిల్లనే, ఆ వాసనకు మా అమ్మ గుర్తొస్తుంది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఎవరూ నాకు ఇలా దండం పెట్టలేదు. ఆ క్షణాన నా జన్మ ధన్యమైందనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. నోటుబుక్కు సంగతి రెండు నిమిషాలు మరిచిపోయాను కూడా.

సోమలింగమే గుర్తు చేశాడు, తెలియకుండానే.

"మీరు చెప్పిన రెండో పాఠం గూడ పాటిస్తున్న బెన్. కుండల నీళ్లు ఎట్ల సల్లవడ్తయో చెప్పిండ్రట గద? నీళ్లు ఆరుకుంట వేడి గుంజుకపోతయని. మా ఇంట్ల తాతల కాన్నుంచి మగ్గం కాడ, ఈడికొచ్చినంక కార్ఖానల నేల తడిపే అలవాటే. తడిపితే ఎట్ల సల్లవడ్తదో మాకే ఎరుక లేకుండె, మా పోరి చెప్పినంక తెలిసింది. అది ఇన్నకాన్నుంచి రెండు బకెట్ల జాగల నాలుగు పోస్తున్న. గాలికి తడి ఆరిపోవద్దని కిటికీలు గూడ మూసి పెడ్తున్న. రేపు కార్ఖానా తెరుస్తరు గద, ఇరవై నాలుగు మంది పనికొస్తరు. బావకైనట్టు ఇంకెవ్వనికి గావద్దు. రేపటి సంది ఆరు బకెట్లు పోస్త."

విరవబోయిన రెండో ముక్కను డబ్బాలోనే వదిలేశాను.

హారతి వైపు చూశాను. కిటికీ పక్క బెంచీలో కూర్చుని, తల అడ్డంగా ఊపుతోంది. వద్దు బెన్, వద్దు. పదమూడేళ్ల పిల్ల. తండ్రంటే ప్రాణం. ఆ పేజీలో ఉన్నది ఆ పిల్ల ఒక్కతే కనిపెట్టింది, కనిపెట్టినందుకు మూడు రాత్రులు నిద్రపోలేదు.

నేను అబద్ధం చెప్పనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. శాలువా కప్పుకుని, సర్వపిండి తిని, తర్వాత ఎప్పుడో పక్కకు పిలిచి మెల్లగా "సోమన్నా, నీళ్లు జర తగ్గించు" అనొచ్చు. ఎందుకు అని అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చు. వెంకటవ్వకు తెలియనే తెలియదు. అందరి గౌరవమూ దక్కుతుంది, నాది మొదలుకొని. కానీ కారణం తెలియకుండా తాతల నాటి అలవాటును ఎవరు మానతారు? నేను మానతానా? రేపు కాకపోతే ఎల్లుండి మళ్లీ పోస్తాడు, అంతే.

శాలువా తీసి కుర్చీ మీద వేశాను.

"సోమన్నా, కూసో. నువ్వు కూడా కూసో వెంకటవ్వా. పిల్లలూ, నేను మీకు ఒక పాఠం సగమే చెప్పిన. మిగతా సగం ఇప్పుడు చెప్త."

సోమలింగం సంతోషంగా ముందు బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. బడికి వెళ్లని మనిషికి బెంచీ మీద కూర్చోవడమే పండగ.

"ముసురు పట్టిన నాడు మీ ఇంట్ల దండెం మీద బట్టలు ఆరుతయా?"

"ఆరవు బెన్!"

"రెండు దినాలైనా ఆరవు, వాసనొస్తయి" అన్నాడు మల్లేష్. "మా అమ్మ నన్నే తిడ్తది."

"ఎందుకు ఆరవు?"

"గాలిల తడి ఉంటది గద బెన్, ఇంక తడి పట్టదు."

"మన సూరత్ ఎక్కడుంది?"

"సముద్రం పక్కన."

"అంటే గాలిలో తడి ముందే ఉంది. ఇప్పుడు ఒక పెద్ద గది అనుకోండి. పైన రేకులు. లోపల నలభై సాంచలు, వాటి మోటార్ల వేడి. కిటికీలన్నీ మూసి ఉన్నయి. నేల మీద నాలుగు బకెట్ల నీళ్లు పోసినం. ఆ నీళ్లు ఆవిరై ఎక్కడికి పోతయి?"

 మెల్లగా ఒక్కొక్కరే సోమలింగం వైపు చూడటం మొదలుపెట్టారు. పిల్లలకు అర్థమైపోయింది. నేను చెప్పనక్కర్లేకపోయింది.

"ఆ గదిలో మనిషి ఒంటి మీది చెమట ఆరుతదా?" అని అడిగాను. 

"కాళ్లకు సల్లగుంటది బెన్" అన్నాడు సోమలింగం. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక మూతి మీదే ఆగిపోయింది. "నీళ్లు పోస్తే సల్లగుంటది. అందరు అంటరు."

"కాళ్లకు సల్లగనే ఉంటది సోమన్నా. పెయ్యి లోపల ఉడుకుతది."

నోటుబుక్కు తీసి హారతిని పిలిచాను. వచ్చి నా పక్కన నిలబడింది, పేజీ తెరిచి గీత మీద వేలు మాత్రం పెట్టింది.  సోమలింగం లేచి వచ్చి కూతురి చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు.

"నేను రాసిందే గద, నేనే చదువుత."

వయోజన విద్య రోజుల్లో నేర్చుకున్న అంకెలు అతనివి, ఒక్కొక్కటీ లడ్డూ అంత. పక్కన అక్కడక్కడా సున్నాలు చుట్టాడు. నీళ్లు పోసిన ప్రతిసారీ ఒక సున్నా. అంత పద్ధతి గల మనిషి.

"మొన్న బుధారం" అని మొదలుపెట్టాడు, వేలు గీత మీద పెట్టి. "ఆ దినం నల్లా రాలే, నీళ్లు పొయ్యలే. కిటికీలు గూడ తెరిచే ఉంచిన. తడిగుడ్డది ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిదిన్నర. ఇరవై తొమ్మిది. పొద్దుందాక ఇరవై తొమ్మిది దాటలే." పేజీ తిప్పాడు. "శుక్రారం. పది గంటలకు ఇరవై ఎనిమిది. నీళ్లు పోసిన. పదకొండుకు ఇరవై తొమ్మిదిన్నర. పోసిన. పన్నెండుకు ముప్పై. పోసిన. ఒంటిగంటకు ముప్పై ఒకటిన్నర..."

ఆగాడు. 

"పోసిన" అన్నాడు, చిన్నగా. "రెండింటికి ముప్పై మూడు. మూడింటికి..."

మూడింటి గడి ఖాళీగా ఉంది. ఆ వేళకు అతను బుచ్చిరాములును బయటికి లాగుతున్నాడు.

పుస్తకం మూయలేదు. ఆ ఖాళీ గడి మీదే వేలు ఉంచాడు. తలెత్తినప్పుడు నా వైపే చూశాడు, అది మంచి చూపు కాదు.

"బెన్. గిది మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇయ్యాల పొద్దున. నీ బిడ్డ చెప్తేనే తెలిసింది."

"కుండ ముచ్చట చెప్పినప్పుడు గిది ఎందుకు చెప్పలే?"

"నాకు తట్టలేదు. మూసిన గదిలో నీళ్లు పోసేటోళ్లు ఉంటరని నేను అనుకోలేదు. అనుకోవాల్సి ఉండె. మా నాయిన కూడా సాంచల మీదనే బతికిండు. నేను అనుకోవాల్సి ఉండె సోమన్నా. తప్పు నాది."

"సగం పాఠానికి శాలువా కప్పిన్నా నేను?"

చెంప మీద కొట్టినట్టయింది. పడ్డాను, పడాల్సిందే. పిల్లల ముందు టీచరు తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని మా హెడ్మాస్టరు రఘుపతి గారు ప్రతి మీటింగులో చెబుతారు. ఆ రోజు నా పరువు గురించి నాకు ఆలోచనే రాలేదు.

"బాపూ, బెన్‌ను ఏమనకు" అంది హారతి.  "నేనే చెప్పిన నీకు. కుండ పాఠం నేనే చెప్పిన. నువ్వు రెండు బకెట్లు ఎక్వ పోసింది నా మాట మీదనే గద."

సోమలింగం కోపం అక్కడితో కూలిపోయింది. కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. అలాగే బెంచీ అంచు మీద కూర్చుండిపోయాడు.

"మా తాత పోసిండు, మా బాపు పోసిండు" అన్నాడు, ఎవరితో చెబుతున్నాడో తెలియనట్టుగా. "సిరిసిల్లల గుంట మగ్గం కాడ నేల తడపకపోతే నూలు పోగు తెగుతుండె. ఎండకాలం గుడిసెల ఎంత సల్లగుంటుండె! ఈడ పాలిస్టర్ పోగుకు తడి అక్కర లేదని తెలుసు, అయినా సల్లగుంటదని పోసిన. ముప్పై ఏండ్లు పోసిన బెన్. ఒక్కడన్న పడ్డడా? ముప్పై ఏండ్లు మంచిదైన పని ఇప్పుడు ఎట్ల చెడ్డదైంది? నీళ్లు నీళ్లే గద!"

"నీళ్లు నీళ్లే సోమన్నా. గాలి మారింది."

మీతో నిజం చెబుతున్నాను. ఎలుగుబంటి బొమ్మ పట్టుకుని ఇన్నేళ్లు నేను చెప్పలేకపోయిన పాఠం ఆ తండ్రీకూతుళ్లు ఆ రోజు నాకు చెప్పారు. సిరిసిల్ల గాలి పొడి గాలి, అక్కడ నీళ్లు పోస్తే మేలే. ఇక్కడి గాలికి ముందే తడి ఎక్కువ. అయినా వెనకట వేడి తక్కువ కాబట్టి ఒళ్లు తట్టుకుంది. ఇప్పుడు వేడి పెరిగింది, రాత్రిళ్లు కూడా రేకు చల్లారడం లేదు, వానలు తమకు తోచినప్పుడు వస్తున్నాయి. ఆ పాత మేలు కాస్తా కీడైంది. వాతావరణం మారడమంటే ఎక్కడో మంచు కరగడం ఒక్కటే కాదు. తాత నేర్పిన మంచి పని మనవడి చేతిలో ఎదురు తిరగడం కూడా. ఇదే మాట పిల్లలకు నాకు వచ్చినట్టు చెప్పాను. ఒక్కడూ కిటికీలోంచి బయటికి చూడలేదు.

 నాకు వెంకటవ్వ వైపు చూడాలంటే భయం వేసింది. తాళిబొట్టు నిలబెట్టావని ఇందాకే నా చేతులు పట్టుకున్న మనిషి. ఇప్పుడు ఏమంటుంది? సోమలింగమే లేచి ఆమె ముందుకు వెళ్లాడు. నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు.

"అక్కా, బావను పడగొట్టింది నేనే."

"లెవ్వు" అంది వెంకటవ్వ.

"అక్కా..."

"లెవ్వు అంటున్న గదరా. పోరగాండ్ల ముంగట ఏందిది?" రెక్క పట్టుకుని లేపింది. "నాకు చదువు రాదు తమ్మీ, నీ అంకెలు నాకు తెల్వయి. కింద పోసిన నీళ్లు పడగొట్టినయేమో, మీద పోసిన నీళ్లు లేపినయి. రెండూ నువ్వు పోసినవే. మంచికే పోసినవ్. పడ్డనాడు మా ఆయన పక్క పొంటి ఇరవై మంది ఉండిరి, రెక్క పట్టి గుంజింది ఎవలు? నేను నీకు మొక్కింది మొక్కిందే, ఎనుకకు తీసుకుంటనా?" కొంగుతో అతని ముఖం తుడిచింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టే. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు గూడ తల్లీ. శాలువా ఎందుకు తీసినవ్? ఉబ్బరం బట్టి తీస్తే తియ్యి, తప్పు చేసిన్నని తియ్యకు. తప్పని చెప్పినందుకే నీకు ఇంకోటి కప్పాలె. చెప్పకపోతే రేపు ఎవని ఇల్లు కూలునో."

ఇక నా వల్ల కాలేదు. ముప్పై ఒక్కమంది పిల్లల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. మల్లేష్ నీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. వాడిని వారానికి మూడుసార్లు బయట నిలబెడతాను, ఇకమీదట రెండుసార్లే అని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఆ గదిలో ఉన్న ఒక్కొక్కరికీ నేను రుణపడ్డాను. ఆ రుణం తీరేది కాదు, తీర్చాలని కూడా లేదు.

కళ్లు తుడుచుకునేసరికి వెంకటవ్వ నిలబడిపోయి ఉంది. 

"తమ్మీ" అంది. "నిన్న రాత్రి దవాఖానల గణపతికి ఏమో చెప్తివి గద. ఏం చెప్తివి?"

గణపతి ఆమె ఒక్కగానొక్క కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. సూరత్‌కు ఉత్తరాన కిమ్‌లో ఒక కార్ఖానాలో సాంచలు నడుపుతాడు. తండ్రి దగ్గర మూడు రాత్రులు జాగారం చేసి, ఈ పొద్దున్నే మొదటి రైలుకు పాళీకి, అంటే షిఫ్టుకు, వెళ్లాడు.

సోమలింగం చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది. 

"నీళ్లు పొయ్యుమన్న" అన్నాడు. "మీ అయ్యకైనట్టు నీకు గావద్దు, కిటికీలు ముయ్యి, గంటకో బకెట్ పొయ్యి అన్న. సరే మామా అన్నడు."

హారతి అప్పటికే తండ్రి జేబులోంచి ఫోను తీసింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎత్తలేదు. సాంచల మోతలో ఫోను వినపడదు, చొక్కా విప్పి మేకుకు తగిలిస్తారు, ఫోను దాని జేబులోనే ఉంటుంది. గొంతుతో మెసేజీ పెట్టింది. "బావా, నీళ్లు పొయ్యకు, కిటికీలు తెరువు, బయటికి రా." పక్కన ఒక్క టిక్కే పడింది. ఇంకా చేరలేదు. ఆ కార్ఖానాలో ఇంకెవరి నంబరూ మా దగ్గర లేదు.

గోడ గడియారం ఒంటిగంట దాటింది. శుక్రవారం పేజీలో ఒంటిగంటకు ఎంతుందో నాకు కంఠతా వచ్చేసింది.

"ఉధ్నా స్టేషన్‌ల కిమ్ బండి ఏదన్న దొరుకుతది. నడువు సోమన్నా, నేను కూడా వస్త" అన్నాను. రఘుపతి గారికి సెలవు చీటీ రాసే వ్యవధి లేదు. మల్లేష్‌ను పంపి చెప్పించాను. హారతి తరగతి గోడకున్న థర్మామీటర్ల అట్టను మేకు నుంచి ఊడబీకి చంకలో పెట్టుకుంది. అక్కడివాళ్లు మాట వినకపోతే అంకెలు చూపిస్తానంది. వెంకటవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా అందరికంటే ముందు మెట్లు దిగింది.

గేటు దగ్గర ఆటో ఎక్కబోతుంటే సోమలింగం ఫోను మోగింది. గణపతి.

"మామా! ఫోన్ చేసినవా?" వెనక సాంచల హోరు. స్పీకర్ పెట్టకుండానే మా అందరికీ వినిపించేంత గట్టిగా అరుస్తున్నాడు. "నువ్వు చెప్పినట్టే చేసిన. కిటికీలన్నీ మూయించిన. పొద్దుగాల సంది ఐదు బకెట్లు పోసిన. మా వోళ్లందరు నీకు దండం చెప్పుమన్నరు మామా, కాళ్లకు మస్తు సల్లగుందని!"

"పొయ్యకురా! గణపతీ, బయటికి రా! బయటికి!"

"ఆఁ? ఇనవడుతలేదు మామా. జర తల తిరుగుతాంది, పొద్దుగాల ఏం తినలే గద, అందుకేనేమో. ఇంకో బకెట్ పోసొచ్చి చేస్త. నువ్వు లేకపోతే మా బాపు దక్కకపోవు మామా. నీ మేలు ఈ జన్మల మర్వ."

ఫోను కట్టయింది. సోమలింగం మళ్లీ నొక్కాడు. అవతల గంట మోగుతూనే ఉంది.